పుంత మీద వాదన

రాగిణి మేడమ్‌కి పాఠాన్ని పుస్తకంలోంచి చదివి వినిపించటమంటే ఒళ్ళుమంట. 'పౌర హక్కులు, బాధ్యతలు, సామాజిక న్యాయం' అనే యూనిట్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పుస్తకం మూసి బల్ల మీద పడేసింది. "ఇదంతా పరీక్షకి ముందురోజు మీరే బట్టీ పట్టేస్తారు. మీ ఊళ్ళో ఎవరికి ఏ హక్కు అందలేదో ఒకటి చెప్పండి. దాని మీద ఇక్కడే విచారణ పెడదాం. ఒకళ్ళు అటు, ఒకళ్ళు ఇటు. తీర్పు క్లాసంతా చేతులెత్తి చెబుతుంది" అంది.

విజయవాడలో డిగ్రీ చదివే పల్లెటూరి పిల్లలకి ఊరి సంగతులకేం కొదవ? ఒకడు తమ ఊరికి బస్సు రావట్లేదన్నాడు. ఒకమ్మాయి మంచినీళ్ళ చెరువులో చేపలు పెంచుతున్నారంది. సాయిగణేష్ అనేవాడు లేచి తమ హాస్టల్ సాంబారుకి మించిన అన్యాయం రాష్ట్రంలోనే లేదన్నాడు, అందరూ నవ్వారు. ఆ నవ్వులు సద్దుమణిగాక కృప లేచింది. కాలేజీలో చేరాక ఆ పిల్ల తనంతట తాను లేచి మాట్లాడటం అదే మొదలు.

"మా ఊళ్ళో చచ్చిపోయినవాళ్ళని మోసుకెళ్ళటానికి దారి లేదు మేడమ్" అంది.

పక్కనే కూర్చున్న ఉషశ్రీ ఉలిక్కిపడి చూసింది. కృపది ఏ ఊరో ఉషశ్రీదీ అదే ఊరు.

ఉషశ్రీ మంచి పిల్ల. ఈ మాట ఇక్కడే చెప్పుకోవాలి, తర్వాత చెప్పటానికి నోరు రాదు. పామర్రు దాటి లోపలికెళితే వచ్చే నిమ్మలపర్రులో రామకోటేశ్వరరావుగారి కూతురు. మాగాణి ఉన్న ఇల్లు. కృప అదే ఊళ్ళో క్రైస్తవుల పేటలో శౌరయ్య కూతురు. శౌరయ్య రామకోటేశ్వరరావు పొలంలో పనిచేస్తాడు, ఉషశ్రీకి ఊహ తెలిసినప్పటి నుంచీ. ఆడపిల్లలిద్దరూ ఒకే హైస్కూల్లో చదివారు, ఒకే బస్సెక్కి ఇంటర్‌కి వెళ్ళారు, ఇప్పుడు భవానీపురంలో ఒకే హాస్టల్లో ఒకే గదిలో ఉంటున్నారు. అక్కడ ఒక కంచంలో తింటారు, ఒకళ్ళ చున్నీ ఒకళ్ళు వేసుకుంటారు. శెలవలకి ఊరెళ్ళినప్పుడు మాత్రం కృప ఉషశ్రీ వాళ్ళ వరండా దాటి లోపలికి రాదు. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. విజయవాడలో 'అంకుల్' అయిన రామకోటేశ్వరరావు ఊళ్ళో దిగగానే కృపకి 'అయ్యగారు' అయిపోతాడు. ఈ మార్పు ఆ పామర్రు బస్టాండుకీ ఊరికీ మధ్య ఎక్కడ జరుగుతుందో ఉషశ్రీ ఎప్పుడూ పట్టించుకోలేదు. పట్టించుకోనక్కర్లేని ఇంట్లో పుట్టింది మరి.

పేటవాళ్ళ సమాధుల తోట ఊరి చేలకి అవతల, మురుగుకాలవ ఒడ్డున ఉంది. అక్కడికి వెళ్ళటానికి ఒక పుంత ఉండేది. పుంత అంటే చేల మధ్య నుంచి సర్కారు వదిలిన బండిబాట. రెండెడ్ల బండి సులువుగా పోయేదట. ఇప్పుడది గట్టుగా మారింది. దాన్ని ఎవరూ ఒక్కరోజులో మింగలేదు. డెల్టాలో ఏటా నాట్లకి ముందు గట్లు చెక్కుతారు. గడ్డీ ఎలక బొరియలూ పోయేలా పారతో గట్టు అంచు నిలువునా చెక్కి, ఆ మట్టి తీసి పైన మెత్తుతారు. అందరూ చేసే పనే, చెయ్యకపోతే నీళ్ళు నిలవవు. కాకపోతే పుంత పక్కనున్న చేలల్లో పార కాస్త ముందుకి పడుతుంది. ఈ ఏడు బెత్తెడు, వచ్చే ఏడు ఇంకో బెత్తెడు. చేను ఒళ్ళు చేస్తుంది, పుంత చిక్కిపోతుంది. చివరికి ఒక మనిషి చేతులు చాపి తూలుతూ నడిచేంత మిగిలింది. దొంగతనం అంటే దొంగ కావాలి కదా, ఇక్కడ ఎవర్ని పట్టుకున్నా "గట్టు చెక్కానండీ" అంటాడు.

ఆ పుంత పొడుగునా ఎక్కువ భాగం ఆనుకుని ఉన్నది రామకోటేశ్వరరావు చేను.

మేడమ్ చీటీలు వేసింది. దారి కావాలనే వైపు కృపే మాట్లాడాలంది, తెలిసిన మనిషి కాబట్టి. రైతుల వైపు మాట్లాడే చీటీ ఉషశ్రీకి తగిలింది.

"నేను చెయ్యనే, ఇంకెవరికైనా ఇచ్చేస్తా" అంది ఉషశ్రీ హాస్టల్‌కి నడుస్తుంటే.

"ఎందుకూ? నువ్వే చెయ్యి. నువ్వు గట్టిగా అడిగితే నేను చెప్పేది కూడా గట్టిపడుద్ది" అంది కృప. "అదీగాక మా పెదనాన్న వాళ్ళు నిజంగానే అర్జీ పెట్టారే. సర్వేయరు వచ్చి పుంత కొలుస్తానన్నాడంట. నాకు ముందే కాస్త అలవాటవుద్ది, రేపు ఎవరైనా అడిగితే చెప్పటానికి."

ఉషశ్రీ ఆ మాట విన్నది. వినలేదని తర్వాత తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా, విన్నది.

విచారణ రోజున కృప బాగానే మొదలుపెట్టింది. పుంత ఎలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో చెప్పింది. "పెట్టె మొయ్యాలంటే అటిద్దరూ ఇటిద్దరూ కావాలి. గట్టు ఒక్కడికే సరిపోద్ది. మిగిలినవాళ్ళు ఎక్కడ నడవాలి? మా అమ్మని తీసుకెళ్ళినప్పుడు నేను చిన్నదాన్ని. మోసేవాళ్ళు జారి పెట్టె చేలో పడింది. బురద కడుక్కుని మళ్ళీ ఎత్తుకున్నారు" అంది.

ఉషశ్రీ లేచింది. ఆమెకి వాదించటమంటే చిన్నప్పటి నుంచీ సరదా. ఇంట్లో తండ్రి, బాబాయిలు భోజనాల దగ్గర మాట్లాడే మాటలన్నీ అప్పుడు నాలుక చివరికి వచ్చాయి. అవి తన తెలివే అనుకుంది.

"పుంతని ఆక్రమించారంటున్నారు. ఎవరు? ఒక్క పేరు చెప్పండి. ఆ గట్టు చెక్కిన చెయ్యి ఎవరిదో చెప్పండి."

కృప నోరు తెరిచింది. ఉషశ్రీ కళ్ళలోకి చూసింది. నోరు మూసుకుంది.

"చెప్పలేను" అంది.

"పోనీ, ఇన్నేళ్ళలో మా దారి మాకివ్వండని మీవాళ్ళు ఎప్పుడైనా అడిగారా?"

"లేదు. మొన్నటిదాకా లేదు."

"ఎందుకు అడగలేదు?"

దానికీ కృప జవాబు చెప్పలేదు. ఉషశ్రీ క్లాసు వైపు తిరిగింది. "హక్కు ఉందనుకున్నవాళ్ళు అడుగుతారు. అడగలేదంటే వదులుకున్నట్టే. కాలవగట్టు మీద నుంచి ఇంకో దారి ఎలాగూ ఉంది. కాస్త చుట్టు తిరిగితే హక్కు పోదు. పదిమంది నోట్లోకి వెళ్ళే పంటని తొక్కకుండా ఉండటం కూడా పౌరుల బాధ్యతే."

క్లాసు బల్లలు చరిచింది. చేతులు ఉషశ్రీ వైపే ఎక్కువ లేచాయి. మేడమ్ మాత్రం నవ్వలేదు. "బాగా మాట్లాడావు. ఎందుకు అడగలేదని అడిగావు చూడు, ఇంటికెళ్ళి దానికి జవాబు నువ్వే ఆలోచించు" అంది. ఇంతలో బెల్లు కొట్టారు. గెలిచిన పిల్లకి బెల్లు తర్వాత ఏం వినపడుతుంది?

సాయిగణేష్ అదంతా ఫోన్లో తీశాడు. ఉషశ్రీ ఆ వీడియో తండ్రికి పంపింది. 'నాన్నా, నేను గెలిచాను చూడు' అని కింద రాసింది. రామకోటేశ్వరరావు కూతురి చదువు గురించి పెద్దగా పట్టించుకునే రకం కాదు. మార్కులు చూపిస్తే "ఆఁ, మంచిదే" అని ఊరుకునేవాడు. ఆరోజు మాత్రం వెంటనే ఫోన్ చేశాడు. "నిన్ను లాయరు చదివిస్తానే తల్లీ. ఆ మాట తీరేంటే, మనూరి పెద్దలకి కూడా రాదు" అని పొంగిపోయాడు. తండ్రి గొంతులో ఆ పొంగు ఉషశ్రీ జన్మలో మొదటిసారి విన్నది. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు నవ్వుతూనే ఉంది. కృప అప్పుడు బట్టలు మడతపెడుతోంది. "ఏంటే, అంకుల్ మెచ్చుకున్నారా?" అని తనూ నవ్వింది.

వారం తిరక్కముందే ఆ వీడియో నిమ్మలపర్రు సొసైటీ ఆఫీసులో అందరి ముందూ మోగింది. సర్వేయరు వచ్చే ముందు ఊరి పెద్దలు పేటవాళ్ళని పిలిచి కూర్చోబెట్టారు. రామకోటేశ్వరరావు ఫోన్ బల్ల మీద నిలబెట్టి, సౌండు పెంచి వినిపించాడు. "కాలేజీలో చదువుకున్న పిల్లలే తేల్చేశారు. మీ కృపే చెప్పింది, ఎవరు చెక్కారో చెప్పలేనని. మీ పిల్లకే తెలియంది సర్వేయరుకేం తెలుసుద్ది సొలొమోనూ?" అన్నాడు. కృప పెదనాన్న సొలొమోను చేతులు కట్టుకుని నిలబడి, "అంతేనండి" అన్నాడు. కోతలయ్యాక చూద్దామన్నారు. కోతల మాట వచ్చాక పేటవాళ్ళు ఏమంటారు? నాట్లయినా కోతలైనా పని ఆ చేలల్లోనే. సర్వేయరు రాలేదు.

కృపకి ఈ సంగతి ఫోన్లో తెలిసింది. "నీ వీడియో మా వాళ్ళకి వేసి చూపించారంట" అంది ఉషశ్రీతో. తిట్టలేదు, గొంతు పెంచలేదు.

"అయ్యో, అదేంటే! అది ఉత్తుత్తి విచారణ కదా. చీటీ తీస్తే వచ్చింది."

"అది నాకు తెలుసు, నీకు తెలుసు" అని కృప దుప్పటి కప్పుకుంది.

ఉషశ్రీ తండ్రికి ఫోన్ చేసి దెబ్బలాడింది. ఆయన నవ్వాడు. "నువ్వు పంపావు, నేను చూపించా. ఇందులో నా తప్పేంటే? కోతలయ్యాక కొలుచుకోమన్నాంగా" అన్నాడు. కోతలయ్యాక అంటే ఎంతో దూరం లేదులే అని ఉషశ్రీ మనసు తేలికపడింది. అందరం అలాగే తేలికపడతాం. ఆగాల్సింది మనం కాదుగా.

దసరా రోజుల్లో శౌరయ్యకి ఆయాసం ఎక్కువై విజయవాడ పెద్దాసుపత్రిలో చేర్చారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. కృప పగలంతా అక్కడే ఉండేది. ఉషశ్రీ హాస్టల్ నుంచి క్యారేజీ తీసుకెళ్ళేది. ఒక మధ్యాహ్నం కృప మందుల కోసం కిందికి వెళితే, మంచం పక్కన ఉషశ్రీ ఒక్కతే కూర్చుంది.

"నీకేం కాదు శౌరయ్యా, తగ్గిపోద్దిలే" అంది. తండ్రి వయసున్న మనిషిని పేరు పెట్టి పిలవటం ఆమెకి పుట్టినప్పటి నుంచీ అలవాటు. ఆ వార్డులో పక్క మంచం మీది ముసలమ్మ తలతిప్పి వింతగా చూసేసరికి, ఎందుకో ఆ పిలుపు తన చెవికే ఎబ్బెట్టుగా తోచింది.

శౌరయ్య నవ్వాడు. ఆయాసంలోనే మాట్లాడాడు. "మీరు కాలేజీలో మా పుంత గురించి మాట్లాడారంట కదమ్మాయిగారూ. అయ్యగారు నాకూ చూపించారు. ఎంత బాగా మాట్లాడారో. మా కృపే, దానికి నోట్లో నాలిక లేదు."

ఉషశ్రీ క్యారేజీ మూత తీసి మళ్ళీ పెట్టింది.

"ఎవరు చెక్కారో చెప్పమంటే చెప్పలేదంట. ఏం చెప్పుద్దిలేండి. చెక్కింది నేనేగా." అదేదో చిన్నప్పటి అల్లరి చెప్పినట్టు చెప్పాడు. "మీ చేను గట్టు ఏటా నా చేత్తోనే చెక్కేవాణ్ణి. అయ్యగారు గట్టు మీద నిలబడి, ఇంకొంచెం లోపలికి పడనీరా శౌరయ్యా అనేవారు. నేను పడనిచ్చేవాణ్ణి. కాదంటే ఇంకోడు చెక్కేవాడు. కృప వాళ్ళమ్మ చనిపోయిన ఏడు కూడా నేనే చెక్కాను. తర్వాత దాన్ని మోసుకెళ్తుంటే ఆ గట్టు మీదే జారాం. అందుకే కృప అందరి ముందూ నా పేరు చెప్పలేకపోయింది. మీ నాన్నగారి పేరు చెప్పాలంటే, మీరేమో ఎదురుగా ఉన్నారు."

కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "నాకేమన్నా అయితే కృప వాళ్ళమ్మ పక్కన పెట్టమనండమ్మాయిగారూ. అక్కడ చోటుంచా. మీ మాటైతే అయ్యగారు వింటారు."

"నేను చెబుతాను" అంది ఉషశ్రీ. కన్నీళ్ళు ఆగలేదు. ఆ రోజు క్లాసులో కృప తన కళ్ళలోకి ఎందుకు చూసిందో, నోరెందుకు మూసుకుందో ఇప్పుడు అర్థమైంది. తండ్రిని దాచుకుంది, స్నేహితురాలినీ దాచుకుంది, ఆ ఇద్దరికోసం ఓడిపోయింది. తనేమో బల్లల చప్పుడు విని మురిసిపోయింది. మందులు తీసుకుని కృప పైకి వచ్చేసరికి ఉషశ్రీ ముఖం కడుక్కోవటానికని బయటికి పోయింది. క్షమించమని అడగటానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ దొరకలేదు. అప్పుడది తెలియదు.

రెండ్రోజులకి శౌరయ్య పోయాడు.

అంబులెన్సులో శవం పక్కన కృప, ఆమె ఎదురుగా ఉషశ్రీ. సన్నగా వాన. దారి పొడుగునా కృప తండ్రి కాళ్ళ మీద దుప్పటి సర్దుతూనే ఉంది. "అమ్మ పక్కన పెట్టాలే" అంది ఒక్కసారి, పామర్రు దాటాక. "పెడదాం. నేను నాన్నతో మాట్లాడతా. ఆయన చేత ఒప్పిస్తా, నన్ను నమ్ము" అంది ఉషశ్రీ. కృప తల ఊపింది. నమ్మింది పాపం. అంతా జరిగాక కూడా నమ్మింది.

పేటలో ఏడుపులయ్యాయి, స్నానం చేయించారు, పెట్టె వచ్చింది. పేట చర్చి ఉపదేశి ఫిలిప్ ప్రార్థన చదివాడు. మధ్యాహ్నానికి పెట్టె ఎత్తుకుని చేల మొదలుకి వచ్చారు. అక్కడ గొడుగులు వేసుకుని రైతులు నిలబడి ఉన్నారు, ముందు రామకోటేశ్వరరావు. కాలవగట్టు దారిన వెళదామంటే, ఆ వారం వానలకి తూము దగ్గర గట్టు జారి నీళ్ళు అడ్డంగా పారుతున్నాయి. ఇక మిగిలింది పుంత. పుంతకి రెండు పక్కలా వరి పొట్ట మీద ఉంది, ఇంకో వారంలో వెన్ను తీస్తుంది.

"శౌరయ్య నాకు మాత్రం పరాయివాడా సొలొమోనూ?" అన్నాడు రామకోటేశ్వరరావు. గొంతులో బాధ నిజమైనదే. "వాడి చేతుల మీద పెరిగిన చేనే ఇది. కానీ పొట్ట మీదున్న పైరు. ఇంతమంది దిగితే ఏం మిగులుద్ది? నేను ఒప్పుకున్నా అవతలి చేలవాళ్ళు ఒప్పుకోవాలిగా. నా ట్రాక్టరిస్తాను. రోడ్డు పక్కనున్న ఊళ్ళో మీ వాళ్ళ సమాధుల తోట ఉందిగా, ఫిలిప్ మాట్లాడితే చోటిస్తారు. మర్యాదగా తీసుకెళ్ళండి."

"నాన్నా" అంది ఉషశ్రీ. అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది. "ఆయన్ని వాళ్ళావిడ పక్కన పెట్టాలి. మాటిచ్చాను. అటొక వరసా ఇటొక వరసా తొక్కుతారు, అంతేగా. పోతే పోద్ది."

"నువ్వు ఇంటికి పో అమ్మా."

"ఇది పుంత నాన్నా. సర్కారుది. మనం తినేసింది. శౌరయ్య చేతే చెక్కించావు."

రైతులు మొహాలు చూసుకున్నారు. రామకోటేశ్వరరావు ముఖం కందగడ్డలా అయింది. అయినా గొంతు తగ్గించే మాట్లాడాడు. "అడగలేదంటే వదులుకున్నట్టేనని ఎవరే చెప్పింది? చుట్టు తిరిగితే హక్కు పోదని ఎవరు చెప్పారు? నేను చదువుకున్నానా అవన్నీ చెప్పటానికి? నువ్వేగా నేర్పావు మాకు."

ఉషశ్రీ చెప్పులు విడిచి చేలోకి దిగింది. మోకాళ్ళదాకా బురద. పుంత పక్కనున్న మొదటి వరస దుబ్బుల్ని కాళ్ళతో తొక్కుకుంటూ, చేతులతో వంచుకుంటూ నడిచింది. తండ్రి "ఉషా!" అని అరిచాడు. ఆమె ఆగలేదు. పొట్ట విచ్చని పైరు కాళ్ళ కింద విరుగుతుంటే ఏడుస్తూ కొంతదూరం పోయి వెనక్కి తిరిగింది.

"రండి! దారి చేశాను, రండి! సొలొమోను బాబాయ్, రండి!"

ఎవరూ కదల్లేదు.

పెట్టె మోస్తున్నవాళ్ళు భుజాలు మార్చుకున్నారు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఉపదేశి ఫిలిప్ బైబిలు మీద వాన పడకుండా చెయ్యి అడ్డుపెట్టుకుని నేల చూస్తున్నాడు. సొలొమోను రెండడుగులు ముందుకొచ్చి, "అమ్మాయిగారూ, పైకి రండమ్మా. మీ కాళ్ళకి ఏమన్నా గుచ్చుకునేను. చేను పాడవుద్ది, వచ్చెయ్యండి" అన్నాడు.

"పాడవనీ! కృపా, నువ్వైనా రావే!"

కృప చేను గట్టు దాకా వచ్చింది. అక్కడ ఆగింది. అప్పటిదాకా ఒక్కసారి కూడా అననిది అప్పుడంది.

"నువ్వు తొక్కితే మీ నాన్న చేను, ఉషా. మేం తొక్కితే కేసు. రేపు మా వాళ్ళని పనికి రావద్దంటే నువ్వేం చేస్తావే? ఆదివారం హాస్టల్‌కి వెళ్ళిపోతావు. పైకి రా."

అరిచి చెప్పలేదు. పరీక్ష హాల్లో పక్కనున్న పిల్లకి తెలియంది చెప్పినట్టు చెప్పింది. ఎందుకు అడగలేదని ఉషశ్రీ అడిగిన ప్రశ్నకి అదే జవాబు. ఆ జవాబు పేటలో అందరికీ తెలుసు, ఆ చేల మొదట్లో నిలబడ్డ ప్రతి రైతుకీ తెలుసు. ఉషశ్రీకి చెప్పాల్సి వచ్చింది.

ట్రాక్టరు వచ్చింది. పెట్టె ఎక్కించారు.

రోడ్డు పక్క ఊరి సమాధుల తోటలో ఒక మూల చోటిచ్చారు. గుంటలో నీళ్ళు ఊరుతుంటే బొక్కెనలతో తోడుతూ, పక్కన సమాధి మీద ఎవరిదో తెలియని పేరు చూస్తూ అందరూ నిలబడ్డారు. పెట్టె దించారు. కృప ఒక్కసారి చుట్టూ తిరిగి చూసింది. "మన ఊరు ఎటుందో ఎవరన్నా చెప్పండి. అమ్మ ఎటుంది?" అని అడిగింది. వాన మబ్బుకి పొద్దు ఎక్కడుందో తెలియటం లేదు, ఎవరికీ వెంటనే తోచలేదు. బురద కాళ్ళతో వెనక నిలబడ్డ ఉషశ్రీ చెయ్యెత్తి అటు చూపించింది. కృప ఆ చేతిని చూసింది. తర్వాత సొలొమోను వైపు తిరిగి, "నువ్వు చెప్పు పెదనాన్నా" అంది. ఆయన కూడా అటే చూపించాడు. అప్పుడు అటు తిరిగి గుప్పెడు మట్టి వేసింది.

గుంట పూడ్చాక అందరూ ఒక్కొక్కరే కదిలారు. కృప కదల్లేదు, కూర్చుంది. ఉషశ్రీ వెళ్ళి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. కృప ఆ చెయ్యి తీసెయ్యలేదు. ఉషశ్రీ వైపు చూడకుండానే మాట్లాడింది.

"నాకు నీ మీద కోపం లేదే. నిజంగా లేదు."

ఉషశ్రీకి దుఃఖం పొంగుకొచ్చింది. "కృపా, నన్ను..."

"కోపం ఉంటే బాగుండేది. నువ్వు బాధపడతావేమోనని పొద్దున్నుంచి ఏడుపు ఆపుకుంటున్నా. ఆరోజు క్లాసులో కూడా నువ్వు బాధపడతావేమోననే ఊరుకున్నా." కృప చేతులు మట్టిలో ఉన్నాయి. "ఇంక వెళ్ళవే ఉషా. నువ్విక్కడుంటే నేను మా నాన్న కోసం ఏడవలేకపోతున్నా."

ఉషశ్రీ చెయ్యి తీసుకుంది. లేచింది. తోట గేటు దాటి రోడ్డు ఎక్కేసరికి వెనక కృప ఏడుపు మొదలైంది. చిన్నపిల్లలు ఏడ్చినట్టు పెద్దగా, ఎవరి కోసమూ ఆపుకోకుండా ఏడుస్తోంది. ఉషశ్రీ కాళ్ళు వెనక్కి తిరగబోయాయి. తిరగనివ్వలేదు. బస్సు కోసం ఆగకుండా వానలో పామర్రు వైపు నడిచింది.